లేని శత్రువు రాతి మీద ఎందుకు?

ప్రశ్న: మేము విశాఖపట్నంలో గోపాలపట్నం వైపు ఉంటాం. మా ఆయన సైన్యంలో, ఆర్మీ సర్వీస్ కోర్‌లో లారీ నడిపేవారు. 2014 జూలైలో అరుణాచల్ ప్రదేశ్‌లో తవాంగ్ వైపు రేషన్ తీసుకువెళ్తుండగా బండి లోయలో పడి చనిపోయారు. అప్పటికి మా బాబుకు ఐదేళ్లు. సంవత్సరీకం నాటికి శ్రీకాకుళం జిల్లాలోని మా అత్తవారి ఊళ్లో కుర్రాళ్లు చందాలు వేసుకుని రామమందిరం పక్కన ఆయన విగ్రహం పెట్టారు. కింద రాతి మీద ‘శత్రుమూకలతో వీరోచితంగా పోరాడి అసువులు బాసిన అమరవీరుడు’ అని చెక్కించారు. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఏమీ అనలేదు. ఆ తర్వాత బడుల్లో, సభల్లో నన్ను వేదిక మీద కూర్చోబెట్టి అదే మాట చెబుతుంటే తల వంచుకుని శాలువా కప్పించుకున్నాను.

బాబు ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. ఏదో సర్టిఫికెట్ కోసం ట్రంకు పెట్టె తీసి, సైన్యం పంపిన కాగితాలు చదివాడు. ‘నాన్న పోరాడలేదు, బండి బోల్తా పడి పోయాడు. ఊరంతా అబద్ధానికి దండ వేస్తోంది’ అన్నాడు. సంక్రాంతికి ఊరు రానంటున్నాడు. మామయ్యగారికి 76 ఏళ్లు. రోజూ పొద్దున్నే విగ్రహం కడిగి పువ్వు పెట్టనిదే కాఫీ తాగరు. ఆయన ఏ సభలోనూ మాట్లాడరు, దండ వేసి దిగిపోతారు. శవపేటికతో వచ్చిన సుబేదారుగారు గుంటూరు వైపు మనిషి. ఆ రాత్రి మా అరుగు మీదే పడుకున్నారు, మామయ్యగారు తెల్లవార్లూ ఆయన పక్కన కూర్చున్నారు. అలాంటి మనిషికి ఇప్పుడు రాయి మార్చాలని ఎలా చెప్పను? మా మరిది ‘కదపకు వదినా, ఊళ్లో పరువు పోతుంది’ అంటున్నాడు. యుద్ధంలో పోనంత మాత్రాన మా ఆయన చావు తక్కువదా? నేనేం చేయాలి?

సమాధానం:

అమ్మా, మీరు చివర అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. తక్కువది కాదు. ఈ మాట మిమ్మల్ని ఓదార్చడానికి అనడం లేదు. ఎందుకు కాదో మీ అబ్బాయికి కూడా అర్థమయ్యేలా చెప్పాలని ఉంది. వాడి కోపంలో న్యాయం ఉంది, ఒక పొరపాటూ ఉంది. రాతి మీది మాట అబద్ధమని వాడు పట్టుకున్నది న్యాయం. ఆ మాట అబద్ధం కనుక నాన్న గౌరవమూ అబద్ధమే అనుకోవడం పొరపాటు.

మీ ఆయన ఏ దారిలో బండి నడిపారో వాడికి చెప్పండి. తేజ్‌పూర్ నుంచి తవాంగ్ వెళ్లే దారి బొమ్డిలా దాటి సేలా కనుమ ఎక్కుతుంది. ఆ కనుమ ఎత్తు సుమారు 13,700 అడుగులు. చలికాలంలో మంచు, వానాకాలంలో బురద, విరిగిపడే కొండ చరియలు. ఆ కనుమకు అవతల, చైనా సరిహద్దు మీద కాపలా ఉన్నవాళ్లకు బియ్యం, పప్పు, కిరోసిన్, మందులు, తూటాలు అన్నీ ఆ దారినే రావాలి. మీ ఆయన పోయిన పదేళ్లకు, 2024 మార్చి 9న, సేలా సొరంగం ప్రారంభమైంది. ఏ కాలంలోనైనా సైన్యం, సరుకు ఆగకుండా వెళ్లాలంటే పై కనుమ దారిని నమ్ముకోలేమని 13,000 అడుగుల ఎత్తులో కొండను తొలిచారు. దేశం సొరంగం తవ్వుకోవలసి వచ్చిన దారిలో, సొరంగం లేని రోజుల్లో, బరువు బండి నడిపిన మనిషి మీ ఆయన. అలాంటి దారి మీద మనిషి ఎన్నిసార్లు వెళ్లి ఎన్నిసార్లు క్షేమంగా తిరిగి వచ్చాడో ఏ ఫలకమూ లెక్క చెప్పదు. తిరిగి రాని ఒక్కసారే అందరికీ తెలుస్తుంది.

బోల్తా పడిన బండి అని మీవాడు ఎంత తేలిగ్గా అన్నాడో నాకు తెలుసు. నేనూ ఆ వయసులో అలాగే అన్నాను.

మా పెద్దన్నయ్య నేవీలో స్టోకర్. మేము అప్పట్లో మల్కాపురంలో ఉండేవాళ్లం. 1981లో ఓడ ఇంజిన్ గదిలో ఆవిరి గొట్టం పగిలి అన్నయ్య కాలిపోయి చనిపోయాడు. యుద్ధం లేదు, శత్రువు లేడు. నాకు పద్దెనిమిదేళ్లు. ఎవరైనా ‘ఎలా పోయాడు’ అని అడిగితే చెప్పడానికి సిగ్గుగా ఉండేది, నావికుడు గొట్టం పగిలి చావడమేమిటి అని. కొన్నేళ్లకు మా వీధిలో జరిగిన జెండా పండుగ సభలో ఒక పెద్దమనిషి మా అమ్మను ‘యుద్ధంలో కొడుకును అర్పించిన తల్లి’ అని పరిచయం చేశాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. అమ్మ లేచి నిలబడి, ‘మా వాడు యుద్ధంలో పోలేదు నాయనా, ఇంజిన్ దగ్గర పోయాడు. ఆ ఇంజిన్ ఆగకుండా చూడటం వాడి పని’ అని చెప్పి కూర్చుంది. సభ ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. తర్వాత వెనుక వరుసలో ఉన్న ఒకాయన లేచి అమ్మ దగ్గరకు వచ్చి కాళ్లకు నమస్కరించాడు. డాక్‌యార్డు మనిషట. ఇంజిన్ గదిలో వేడి ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. ఆ ముందు వచ్చిన దండలూ చప్పట్లూ వేటికీ అమ్మ ఏడవలేదు, ఆయన నమస్కారానికి ఏడ్చింది. ఎందుకంటే మొదటిసారిగా ఒకరు మా అన్నయ్యను, మా అన్నయ్యగానే చూశారు.

మీ ఊరి రాయితో నాకున్న తగవు కూడా ఇదే. శత్రుమూకలు అన్న మాట మీ ఆయనను పెద్దవాణ్ని చేయలేదు, ఆయనను అక్కడి నుంచి తప్పించింది. కొండదారిలో రాత్రివేళ గేరు మార్చడం తెలిసిన మనిషి, వెనుక వచ్చే బండికి దారి చూపిన మనిషి, తన లోడు అందకపోతే పైన ఉన్నవాళ్లకు పొయ్యి వెలగదని తెలిసిన మనిషి ఆ రాతిలో ఎక్కడా లేడు. ఆయన స్థానంలో ఎవరో ఊహించిన తుపాకీ వీరుడు నిలబడి దండలు వేయించుకుంటున్నాడు. మీ అబ్బాయికి నాన్న అంటే ఆ విగ్రహమే కదా. ఐదేళ్ల పిల్లవాడికి ఇంకేం గుర్తుంటుంది? ఇప్పుడు కాగితం చదివాక వాడు పోగొట్టుకున్నది ఒక అబద్ధాన్ని మాత్రమే అనుకోకండి. వాడి దగ్గర ఉన్న ఒక్క నాన్నా పోయాడు. కనుక అసలు నాన్నను మీరు వాడికి ఇవ్వాలి, ఆలస్యం చేయకుండా ఇవ్వాలి.

సైన్యం లెక్కలో ఈ మరణాలను ఎలా చూస్తారో కూడా చెప్పడం మంచిది. శత్రువుతో పోరులోనూ, అలాంటి ఆపరేషన్లలోనూ పోయినవారిని బ్యాటిల్ క్యాజువాలిటీ అంటారు. మిగతావారిని ఫిజికల్ క్యాజువాలిటీ అంటారు. ఇది పెన్షన్ కోసం, రికార్డుల కోసం ఉన్న విభజన. కుటుంబానికి వచ్చే మొత్తం దీని మీద ఆధారపడుతుంది కాబట్టి ఈ తేడా చిన్నదని నేను అనను. మీ పెన్షన్ ఆర్డరు, అదే పీపీఓ, ఒకసారి తీసి చూడండి. స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ అని ఉందా? ఉంటే ఆ మాటకు అర్థం, ఈ మరణానికి సైనిక సేవే కారణమని ప్రభుత్వం ఒప్పుకుందని. ఇంటికి సెలవు మీద వచ్చి తన సొంత పని మీద తిరుగుతూ పోయినవారికి ఆ మాట అంత తేలిగ్గా రాయరు. ఆ ఒక్క ముక్క మీ అబ్బాయికి చూపించండి. వాడు కాగితాలను నమ్మే వయసులో ఉన్నాడు, కాగితంతోనే చెప్పండి. ఒకవేళ సాధారణ పెన్షన్ అని మాత్రమే ఉంటే, ఊరుకోవద్దు. కాగితాలన్నీ పట్టుకుని విశాఖలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, అక్కడ ఏం చేయాలో చెబుతారు.

అమరవీరుడు అన్న మాట గురించి కూడా. 2022 ఫిబ్రవరిలో సైన్యం తన విభాగాలకు ఒక లేఖ రాసి, ప్రాణాలు కోల్పోయిన సైనికులను ఇంగ్లీషులో ‘మార్టిర్’ అనవద్దని చెప్పింది. మతం కోసమో నమ్మకం కోసమో చంపబడినవారికి ఆ మాట చెల్లుతుందనీ, సైనికులకు వేరే మాటలు వాడాలనీ దాని ఉద్దేశం. మన తెలుగు మాట సంగతి వేరని నా అభిప్రాయం. అమరుడు అంటే చావు లేనివాడు, మరిచిపోము అని ఊరు ఇచ్చిన హామీ. ఆ మాట ఉంచండి. శత్రుమూకలనే తీసేయండి.

మీ అబ్బాయితో ఈ సంగతులన్నీ ఇంట్లో కూర్చుని చెబితే పాఠంలా ఉంటుంది. ఏదైనా సెలవు రోజు వాణ్ని తీసుకుని బీచ్ రోడ్డుకు వెళ్లండి. 1971 విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం ముందు డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవానికి పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. అది వాడు చూసే ఉంటాడు. ఈసారి కురుసుర లోపలికి తీసుకువెళ్లండి. చిన్నప్పుడు బడివాళ్లు తీసుకువెళ్లి ఉండవచ్చు, ఇప్పుడు పదహారేళ్ల కళ్లతో చూడనివ్వండి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన జలాంతర్గామి అది. 91 మీటర్ల ఇనుప గొట్టంలో డెబ్భై మందికి పైగా మనుషులు, టార్పెడోల పక్కనే పడకలు, ఒకరు లేస్తే మరొకరు పడుకోవడం. అక్కడ వివరాలు చెప్పేవాళ్లు నేవీలో పనిచేసి వచ్చినవాళ్లే. 1971లో మన తీరం దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ అందరికీ చెబుతారు. మీవాణ్ని వేరే ప్రశ్న అడగమనండి: మీతో పనిచేసినవాళ్లలో ఎవరైనా పోయారా, ఎలా పోయారు? సమాధానంలో శత్రువు ఎన్నిసార్లు వస్తాడో, సముద్రం, నిప్పు, యంత్రం ఎన్నిసార్లు వస్తాయో వాడే లెక్కపెట్టుకుంటాడు.

మన ఊరికి ఈ లెక్క బాగా తెలుసు. 2013 ఆగస్టు 14న ముంబయి డాక్‌యార్డులో సింధురక్షక్ జలాంతర్గామి పేలి మునిగిపోయినప్పుడు 18 మంది పోయారు. రేవులో కట్టి ఉన్న నౌక అది. ఆ 18 మందిలో విశాఖ కుర్రాళ్లున్నారు. ఆ మరుసటి సంవత్సరం, మీ ఆయన పోయిన నాలుగు నెలలకు, నవంబరు 6న మన తీరానికి దగ్గరలోనే టార్పెడో రికవరీ నౌక మునిగింది. అభ్యాసంలో వదిలిన టార్పెడోలను సముద్రం నుంచి ఏరుకొచ్చే నౌక అది. ఒకరు చనిపోయారు, నలుగురు గల్లంతయ్యారు. ఇక ఏఎన్-32 సంగతి. మీరు ఎన్ఏడీ కొత్త రోడ్డు జంక్షన్ మీదుగా వారానికి ఎన్నిసార్లు వెళ్తారు? ఆ పేరు నేవల్ ఆర్మమెంట్ డిపో నుంచి వచ్చిందే. 2016 జూలై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయలుదేరిన వైమానిక దళ విమానం బంగాళాఖాతం మీద కనిపించకుండా పోయింది. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది ఆ డిపోలో పనిచేసే సివిలియన్ ఉద్యోగులు. ఒంటి మీద యూనిఫాం లేదు, చేతిలో తుపాకీ లేదు. పని మీద వెళ్లారు. ఏడున్నర సంవత్సరాల తర్వాత, 2024 జనవరిలో, సముద్రం అడుగున 3,400 మీటర్ల లోతులో ఆ విమానం శకలాలు దొరికాయని ప్రకటించారు. అన్నేళ్లూ ఆ ఇళ్లలో బొట్టు తీయాలో వద్దో, తద్దినం పెట్టాలో వద్దో తేల్చుకోలేక గడిపిన ఆడవాళ్లున్న ఊరు మనది. వాళ్లలో ఎవరి భర్తనైనా ‘పోరాడి పోలేదు కదా’ అని ఒక్కమాట అనగలమా? అనగలమేమో మీ అబ్బాయినే అడగండి. వాడు అనలేడు. అప్పుడు తన నాన్న విషయంలో తాను అన్న మాట వాడికే వినిపిస్తుంది.

విశాఖ బయట నుంచి ఒక్కటి చెబుతాను. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద మంచు విరుచుకుపడింది. మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్‌తో అక్కడ ఉన్న పది మంది కూరుకుపోయారు. ఒకరిని ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో తీశారు, ఆయనా దక్కలేదు. ఆ పది మందిలో ఒకరు మన కర్నూలు జిల్లా బిడ్డ. ఆ రోజు అక్కడ ఒక్క తూటా కూడా పేలలేదు. దేశమంతా వాళ్ల కోసం ఏడ్చింది, ఎవరూ శత్రువును కల్పించలేదు. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయినవారి సమాధులను చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ పద్ధతి కూడా ఇలాంటిదే. ఆ సంవత్సరాల్లో సేవలో ఉండగా జ్వరంతో పోయినా, ప్రమాదంలో పోయినా, తూటాకు పోయినా ఒకే రకం రాయి. చెన్నై నందంబాక్కంలోని మద్రాస్ వార్ సెమెటరీలో అలాంటి రాళ్లు వరుసగా ఉంటాయి. అధికారికీ సిపాయికీ కూడా అక్కడ తేడా లేదు.

మన పాత వీరగల్లులు చూశారా? ఊరి పొలిమేరల్లో, గుళ్ల ముందు అప్పుడప్పుడు కనిపిస్తాయి. పశువులను తోలుకుపోతున్న దొంగలను అడ్డుకుని పోయినవాడి రాతి మీద పశువులను చెక్కారు. పులితో పెనుగులాడి పోయినవాడి రాతి మీద పులిని చెక్కారు. ఆ శిల్పులు పులి బదులు శత్రుసైన్యాన్ని చెక్కాలనుకోలేదు. ఎవరు ఎలా పోయారో ఉన్నదున్నట్టు చెక్కారు కనుకనే ఏడెనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆ రాతి ముందు నిలబడితే మనకు ఆ మనిషి కనిపిస్తాడు. ఆ లెక్కన మీ ఆయన రాతి మీద ఉండవలసింది కొండదారి, లారీ.

ఇక మీరు ఎక్కువ భయపడుతున్న చోటికి వస్తాను. మామయ్యగారికి ఎలా చెప్పాలి?

అమ్మా, మీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. రెండు వాక్యాల దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. సుబేదారుగారు గుంటూరు వైపు మనిషి అనీ, ఆ రాత్రి మామయ్యగారు తెల్లవార్లూ ఆయన పక్కన కూర్చున్నారనీ మీరే రాశారు. మామయ్యగారు ఏ సభలోనూ మాట్లాడరు, దండ వేసి దిగిపోతారని కూడా మీరే రాశారు. కొడుకు శవాన్ని తెచ్చిన మనిషి, తెలుగు వచ్చిన మనిషి, పక్కనే ఉంటే ఒక తండ్రి రాత్రంతా ఏం అడుగుతాడు? ఎలా జరిగింది, ఎక్కడ జరిగింది, నొప్పి పడ్డాడా, ఏమైనా అన్నాడా. ఇవే అడుగుతాడు. మామయ్యగారికి మొదటి రాత్రి నుంచీ అంతా తెలుసని నా నమ్మకం. తెలిసే, ఆ రాతి మీది మాటను ఒక్కసారి కూడా తన నోటితో అనలేక సభల్లో మౌనంగా ఉంటున్నారేమో. ఊరి కుర్రాళ్లు చందాలు వేసుకుని ప్రేమతో తెచ్చిన రాయిని వద్దని ఏ తండ్రి అనగలడు? మీరు ఆయన కోసం దాచారు, ఆయన మీ కోసం దాచారు. పదకొండేళ్లుగా ఇద్దరూ ఒకే బరువును చెరో చివరా పట్టుకుని, అవతలి మనిషికి తెలియదనుకుంటున్నారు.

అందుకే ఆయనకు మీరు చెప్పవద్దు. అడగండి. ‘మామయ్యా, ఆ రోజు సుబేదారుగారు మీతో ఏం చెప్పారు?’ అని ఒక్క మాట అడిగి ఊరుకోండి. మరిది ముందు వద్దు, ఊరివాళ్ల ముందు అసలే వద్దు. పొద్దున ఆయన విగ్రహం కడగడానికి వెళ్లేటప్పుడు బిందె మీరు పట్టుకుని వెంట వెళ్లండి. నా అంచనా తప్పయి, ఆయనకు నిజంగా తెలియకపోతే, ఆ రోజుకు అక్కడితో ఆపేయండి. ఆ తర్వాత మీరే, మెల్లగా, కాగితంలో ఉన్నది చదివి వినిపించండి. కొడుకు పోయిన వార్త విని బతికిన మనిషి ఆయన, లారీ వార్తకు కూలిపోరు. రాయి మార్చడం మాత్రం ఆయన ఒప్పుకున్నాకే. ఆయన వద్దంటే ఆయన ఉన్నంతకాలం ఆ రాయి అలాగే ఉండనివ్వండి. ఈ ఒక్క విషయంలో నిజం కొంతకాలం ఆగినా తప్పులేదని నేననుకుంటాను, మీ అబ్బాయికి తెలిసిపోయింది కనుక.

ఒప్పుకుంటారనే నా ఆశ. అప్పుడు విగ్రహం జోలికి పోవద్దు, కింది పలక ఒక్కటే మార్చండి. రాయించిన కుర్రాళ్లను, ఇప్పుడు వాళ్లూ నలభైలకు దగ్గరపడి ఉంటారు, ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి చెప్పండి. మీరు తప్పు రాశారని అనకండి. ‘అప్పట్లో మనకు వివరాలు తెలియవు, ఇప్పుడు కాగితాలు దొరికాయి, ఆయన చేసిన పని కూడా రాయిద్దాం’ అనండి. పరువు పోతుందన్న మీ మరిది భయానికి ఈ మాటే మందు. పేరు, హోదా, సర్వీసు నంబరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ కాగితాల్లో ఉన్నట్టే రాయించండి. ఊహ మీద ఒక్క అంకె కూడా వద్దు. ఏదైనా స్పష్టంగా లేకపోతే బెంగళూరులో ఉన్న ఆర్మీ సర్వీస్ కోర్ రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయవచ్చు. సైనిక సంక్షేమ కార్యాలయంవారు ఆ ఉత్తరం రాయడంలో సాయం చేస్తారు. కింద వాక్యం ఇలా ఉంటే బాగుంటుందని నాకనిపించింది: ‘తవాంగ్ దారిలో, సరిహద్దు కాపలాలో ఉన్న తోటి సైనికులకు ఆహారం తీసుకువెళ్తూ, విధి నిర్వహణలో ప్రాణాలు విడిచిన అమరుడు.’ ఆర్మీ సర్వీస్ కోర్ నినాదం ‘సేవా అస్మాకం ధర్మః’, సేవే మా ధర్మం అని. దాన్ని పైన చెక్కిస్తే ఆయన ఏ దళం మనిషో చూసినవాళ్లకు తెలుస్తుంది. మాటలు మీకు నచ్చినట్టు మార్చుకోండి. ‘ఆహారం’ అన్న మాట మాత్రం మార్చకండి. ఊళ్లో రైతులకు ఆ మాట విలువ తెలుసు.

వేదికల గురించి మీరు సిగ్గుపడుతూ రాశారు. చిన్న వయసులో, చంకలో పిల్లవాడితో, మైకు ముందు ‘మీరు చెప్పింది తప్పు’ అని ఎవరు అనగలరు? మా అమ్మ అనగలిగింది, అప్పటికి ఆమెకు అరవై. ఇక మీదట ఎవరైనా పిలిస్తే నాలుగు వాక్యాలు కాగితం మీద రాసి, సభ మొదలుకాకముందే ఆ పరిచయం చేసే మనిషి చేతికివ్వండి. ఇవే చదవమనండి. చదవనంటే వెళ్లకండి. అసలు వెళ్లాలని లేకపోయినా వెళ్లకండి, శాలువా కప్పించుకోవడం మీ ఉద్యోగం కాదు.

మీరు అడగని ఒక సంగతి, అయినా చెబుతాను. మీ అబ్బాయి ఇంటర్ తర్వాత ఇంజనీరింగ్ వంటి వృత్తి విద్యలో చేరితే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం ఉంది, సేవలో పోయినవారి పిల్లలకూ మాజీ సైనికుల పిల్లలకూ కేంద్రీయ సైనిక్ బోర్డు ఇస్తుంది. అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000 రూపాయలు. మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు చేయాలి, ఇంటర్‌లో కనీసం 60 శాతం రావాలి. వాడికి ఈ మాట చెప్పేటప్పుడు నాన్న ఇచ్చిన డబ్బు అనే చెప్పండి.

సంక్రాంతికి వాణ్ని బలవంతం చేయకండి, కానీ పని చెప్పండి. మన ఉత్తరాంధ్రలో అది పెద్దల పండుగ. పోయినవాళ్లకు కొత్త బట్టలు పెట్టుకునే రోజు. ఈసారి నాన్న బట్టలు వాడినే కొనమనండి. పదకొండేళ్లుగా మీరో మీ అత్తగారో కొనే పంచె కాకుండా, లారీ నడిపే మనిషికి ఏది హాయిగా ఉంటుందో వాడినే ఆలోచించుకుని తెమ్మనండి. ట్రంకు పెట్టెలోని కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టుకుని వెంట తీసుకువెళ్లండి. ఒక కొత్త నోటు పుస్తకం కూడా.

మామయ్యగారికి 76 ఏళ్లు. ఆ రాత్రి మీ అరుగు మీద సుబేదారుగారు చెప్పింది విన్నది ఆయన ఒక్కరే. బండి ఏ మలుపులో జారింది, ముందు రోజు మీ ఆయన ఏం తిన్నారు, ఎవరితో నవ్వారు, బండికి ఏమని పేరు పెట్టుకున్నారు, ఇవేవీ సైన్యం కాగితాల్లో ఉండవు. పండుగ సందడి తగ్గాక, ముక్కనుమ నాటికి ఇల్లు ఖాళీ అయ్యాక, తాతామనవళ్లను ఆ అరుగు మీద కూర్చోబెట్టండి. ముసలాయన నెమ్మదిగానే చెబుతారు, మధ్యలో ఆగిపోతారు. మీవాణ్ని తొందరపెట్టవద్దని ముందే చెప్పి, ఆయన అన్నది అన్నట్టు వాడి చేతే ఆ పుస్తకంలో రాయించండి.